చలిదేశంలో అల్లం: కెనడా ఇళ్ళలో పెంచుకునే పద్ధతి

ముందుగా ఒక మాట. డబ్బు మిగుల్చుకోవడానికి ఇంట్లో అల్లం పెంచమని నేనెవరికీ సలహా ఇవ్వను. టొరంటో చుట్టుపక్కల ఏ ఇండియన్ కొట్టుకి వెళ్ళినా, ఏ చైనీస్ కొట్టుకి వెళ్ళినా అల్లం గుట్టలుగా పోసి ఉంటుంది. కుండీలు, మట్టి, హీట్ మ్యాట్ ఖర్చు లెక్కవేస్తే మొదటి ఏడాది మన ఇంటి అల్లం అంగడి అల్లానికి ఎన్నో రెట్లు ఖరీదు పడుతుంది. మరెందుకు ఈ శ్రమ అంటారా? లేత అల్లం కోసం! తొక్క తీయక్కర్లేకుండా, పీచు లేకుండా, చిగుళ్ళ దగ్గర గులాబిరంగు జీరతో ఉండే లేత కొమ్ములు ఇక్కడి అంగళ్ళలో అరుదు. ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసి రావాల్సిన సరుకు కాబట్టి బాగా ముదిరి, తొక్క గట్టిపడిన అల్లమే మనదాకా వస్తుంది. పెసరట్టులోకి అల్లం పచ్చడి చేసుకునే ఇళ్ళలో ఈ తేడా చెప్పకుండానే తెలిసిపోతుంది.

రెండో కారణం కూడా ఉంది. 2007 జూలైలో కాలిఫోర్నియా ప్రజారోగ్య శాఖ, చైనా నుంచి దిగుమతైన పచ్చి అల్లంలో ఆల్డికార్బ్ అనే పురుగుమందు అవశేషాలు కనిపించాయని హెచ్చరిక జారీ చేసింది. 2013లో చైనా ప్రభుత్వ టెలివిజన్ వాళ్ళే షాన్‌డోంగ్ రాష్ట్రంలో అల్లం రైతులు అదే మందును నిబంధనలకు విరుద్ధంగా పొలాల్లో వేస్తున్నారని చూపించారు. దిగుమతైన అల్లమంతా విషమని నేననడం లేదు, మేమూ ఏడాదిలో చాలాభాగం కొనుక్కునే తింటాం. కానీ పసిపిల్లలకి, బాలింతలకి వాడే అల్లమైనా ఏ మట్టిలో పెరిగిందో తెలిస్తే బాగుంటుందని మా అత్తగారు అన్నప్పుడు కాదనలేకపోయాను. పన్నెండేళ్ళుగా మిస్సిసాగాలో మా ఇంటి వెనక డెక్ మీద ప్రతి ఏడూ ఆరేడు కుండీలు పెడుతున్నాను. ఆ అనుభవంతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అల్లం స్వభావం

అల్లం వేరు కాదు, భూమిలో అడ్డంగా పాకే కాండం. పసుపు, ఏలకులు, మామిడి అల్లం దాని చుట్టాలు (మామిడి అల్లం పేరుకే అల్లం, నిజానికి అది పసుపు జాతి). 1807లో విలియం రాస్కో అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి జింజిబర్ అఫిసినాలె అని పేరు స్థిరపరిచాడు. పువ్వు ఎప్పుడో గాని పూయదు, పూసినా గింజ పట్టదు. కాబట్టి కొమ్ము ముక్కనుంచే కొత్త మొక్క రావాలి. ఇవాళ మనం టీలో దంచి వేసుకునే ముక్క ఎన్ని వందల ఏళ్ళ కిందటి కొమ్ముకి కొనసాగింపో!

మన దగ్గర పాడేరు ఏజెన్సీలోనూ, తెలంగాణలో జహీరాబాద్ ప్రాంతంలోనూ అల్లం పండిస్తారు. వానాధారంగా వేసేచోట మే నెలలో తొలకరి జల్లులు పడగానే నాటి, ఎనిమిది నెలలకి తవ్వుతారు. పచ్చి అల్లంగా అమ్ముకునేవాళ్ళు ఆరో నెల నుంచే తీస్తారు. ఈ ఎనిమిది నెలలూ దానికి వెచ్చదనం కావాలి. 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ దానికి హాయి. 15 కిందకి దిగితే పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. 10 డిగ్రీలకి దిగువన రోజుల తరబడి ఉంటే కొమ్ము లోపలే దెబ్బతింటుంది. మంచు పడితే ఆకు ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది.

ఇప్పుడు మన కెనడా లెక్క చూడండి. టొరంటో ప్రాంతంలో మంచు బెడద లేని కాలం సుమారు అయిదు నెలలు. కేల్గరీలో నాలుగు నెలలు కూడా నికరంగా ఉండవు. ఎనిమిది నెలల పంటని ఆ కాలంలో ఇరికించడం కుదరదు. అందుకని ముందు రెండున్నర నెలలు, వెనక ఒకటి రెండు నెలలు ఇంట్లోనే గడపాలి. కెనడాలో అల్లం పెంచడమంటే ప్రధానంగా ఈ కాలాన్ని కుట్టుకోవడమే. మిగతాదంతా ఏ కుండీ మొక్కకైనా చేసే చాకిరీయే.

ఇంకొక విషయం చాలామందికి తెలియదు. అల్లం పగటి పొడవును బట్టి కూడా నడుచుకుంటుంది. పగలు పొడుగ్గా ఉంటే ఆకులూ పిలకలూ పెడుతుంది. పగలు పొట్టిబడుతుంటే కాండం పెరగడం తగ్గించి భూమిలో కొమ్ము ఊరడం మీద పడుతుంది. విశాఖపట్నంలో జూన్ నెల మధ్యన కూడా పగలు పదమూడు గంటలు దాటి కొద్దిగా ఉంటుందంతే. టొరంటోలో పదిహేనున్నర గంటలు, ఎడ్మంటన్‌లో పదిహేడు! అందుకే జూలైలో మన కుండీలు పచ్చగా గుబురుగా కళకళలాడుతూ ఉంటాయి, తవ్వి చూస్తే మాత్రం కింద పెద్దగా ఏమీ ఉండదు. సెప్టెంబరు మూడో వారానికి పగలూ రాత్రీ సమానమై కొమ్ము ఊరడం మొదలయ్యేసరికి చలి తలుపు తడుతుంది. సరిగ్గా ఆ నాలుగైదు వారాలు కుండీని వెచ్చగా కాపాడుకున్నవాళ్ళకి అల్లం, కాపాడుకోనివాళ్ళకి ఆకులు.

కొమ్ము ఎంపిక

ఫిబ్రవరి రెండో వారంలో విత్తనపు అల్లం కొంటాను. నున్నగా నిగనిగలాడుతూ, నొక్కితే గట్టిగా ఉండి, కొసల్లో లేత పసుపురంగు కన్నులు చిన్న కొమ్ముల్లా పొడుచుకొచ్చిన ముక్కలు ఏరుకోవాలి. ముడతలు పడినవి, కోసినచోట బూజు పట్టినవి, ఫ్రిజ్‌లో పెట్టి అమ్మేవి వద్దు. ఆర్గానిక్ అల్లం అయితే మొలిచే అవకాశం ఎక్కువని నాకు కనబడింది, కానీ కన్ను కదిలిన మామూలు అల్లం, కన్ను లేని ఆర్గానిక్ అల్లం పక్కపక్కన ఉంటే నేను మొదటిదే తీసుకుంటాను.

ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకుంటే మన ఊరి రకమే పండించుకోవచ్చు కదా అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. వద్దండీ. మట్టి అంటిన దుంపలు, మొక్కలు కెనడాలోకి తేవడం నిషిద్ధం. నాటడానికి తెచ్చే మొక్కల భాగాలకి దిగుమతి పర్మిట్, పంపే దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి. ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తారన్నది ఒక్కటే కాదు ఇక్కడ సంగతి. అల్లాన్ని పట్టి పీడించే బాక్టీరియా ఎండు తెగులు కొమ్ములోనే దాక్కుని ప్రయాణం చేస్తుంది, దాని రకాలు కొన్ని టమాటా, బంగాళదుంపలకి కూడా సోకుతాయి. అంత సరదా మనకెందుకు!

కోళికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ వారు ఒకటి రెండు మంచి కన్నులతో 20 నుంచి 25 గ్రాముల ముక్కలు చాలంటారు. అది వందల కిలోలు నాటే రైతుకి, ఎనిమిది నెలల వెచ్చటి కాలానికి వేసిన లెక్క. మనకి కాలం తక్కువ కాబట్టి ముక్క పెద్దదైతే మొదట్లో దాని బలంతోనే మొక్క త్వరగా లేస్తుంది. నేను 50 నుంచి 60 గ్రాముల ముక్కలు, రెండు మూడు కన్నులతో వాడతాను. కోసిన ముక్కల్ని రెండు రోజులు గదిలో ఆరనిస్తే కోతమీద పొర కడుతుంది. ఆ పొర కట్టకుండా తడిమట్టిలో పెడితే కుళ్ళు అక్కడినుంచే మొదలవుతుంది.

మొలకెత్తించడం

లోతులేని ట్రేలో రెండంగుళాలు తడిపి పిండిన కొబ్బరిపీచు పొడి పరిచి, ముక్కల్ని కన్ను పైకి ఉండేలా పెట్టి, పైన మరో అంగుళం కప్పండి. ట్రే కింద హీట్ మ్యాట్ తప్పనిసరి. గది వేడి 20 ఉన్నా తడిమట్టి వేడి అంతకంటే తక్కువే ఉంటుంది, దాన్ని 25 దగ్గర నిలపాలి. హీట్ మ్యాట్ మీద మూడు నుంచి అయిదు వారాల్లో మొలకలు కనిపిస్తాయి, లేకపోతే రెండు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఈ దశలో నీళ్ళు అతి తక్కువ పోయాలి. ఆకే లేని మొక్క నీరేం తాగుతుంది? పిడికెడు పొడి తీసి గట్టిగా నొక్కితే ఒక్క చుక్క కూడా రాలకూడదు.

కొళాయి నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మార్చి నెలలో మన కొళాయిల్లో వచ్చే నీరు ఐసు నీళ్ళతో సమానం. దాన్ని నేరుగా పోస్తే హీట్ మ్యాట్ పెట్టి సాధించిన వేడంతా ఒక్క చెంబుతో పోతుంది. రాత్రే బకెట్‌లో పట్టి ఉంచి మర్నాడు పోయండి.

మొలక అంగుళం లేచాక వెలుతురు కావాలి. దక్షిణం వైపు కిటికీ ఉంటే సరే, లేకపోతే మామూలు ఎల్‌ఈడీ గ్రో లైటు రోజుకి 14 గంటలు. ఈ కాలంలో ఫర్నేస్ వేడికి ఇంట్లో గాలి పొడిగా అయిపోయి ఆకుల కొసలు ఎండుతాయి, ఎర్రనల్లి కూడా పడుతుంది. ఆకు అడుగున సన్నటి బూజులాంటి గూళ్ళు కనిపిస్తే షవర్ కింద పెట్టి కడిగేయడమే నా మందు. వారానికొకసారి చొప్పున మూడుసార్లు చేస్తే తగ్గుతుంది. తడిమట్టి మీద ఎగిరే చిన్న నల్ల ఈగలకి పసుపురంగు జిగురు కార్డులు చాలు. అవి పెరుగుతున్నాయంటే నీళ్ళు ఎక్కువ పోస్తున్నామని అర్థం.

కుండీ, మట్టి

అల్లం లోతుకి వెళ్ళదు, పక్కలకి పాకుతుంది. కాబట్టి పొడవాటి కుండీ కంటే వెడల్పాటి తొట్టి నయం. 14 అంగుళాల వెడల్పు, అడుగు లోతు ఉంటే రెండు ముక్కలు పెట్టుకోవచ్చు. ఇరవై లీటర్ల గుడ్డ సంచులు కూడా బాగా పనిచేస్తాయి, కాకపోతే గాలి తగిలే డెక్‌ల మీద త్వరగా ఆరిపోతాయి. పెరటి బంకమట్టి వద్దేవద్దు. మా ప్రాంతంలో అది తడిస్తే జిగురు, ఎండితే ఇటుక. కుండీల మట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన కంపోస్టు ఒక పాలు, పర్లైట్ అర పాలు కలిపితే సరిపోతుంది.

కుండీని మొదట సగానికి కొంచెం పైదాకే నింపండి. ఇది ముఖ్యం. పిలకల మొదళ్ళు ఉబ్బి మట్టిపైన గులాబిరంగులో కనబడినప్పుడల్లా రెండంగుళాల మట్టీ కంపోస్టూ ఎగదోయాలి. సీజన్‌లో ఇలా మూడుసార్లు చేస్తాం. కొమ్ము పైకీ పక్కలకీ పెరిగేది కాబట్టి పైన మట్టి లేకపోతే ఎండకి పచ్చబడి, గట్టిపడి, సన్నగానే ఉండిపోతుంది. అల్లం మంచి తిండిపోతు. జూన్ నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా రెండు వారాలకోసారి చేపల ఎమల్షన్ గాని మరేదైనా ద్రవ ఎరువు గాని పోస్తుంటాను.

ఆరుబయట

విక్టోరియా డే సెలవులు వస్తే చాలు, ఒంటారియోలో అందరూ టమాటా నారుతో పెరట్లోకి దిగుతారు. అల్లం మాత్రం ఇంకా ఆగాలి. మంచు ఆగిందా లేదా అన్నది కాదు, రాత్రి వేడి వరసగా 13 డిగ్రీలకి పైన ఉందా అన్నది చూసుకోవాలి. మా ఊళ్ళో అది జూన్ మొదటి వారం. మొదటి పది రోజులు పగలు నీడలో పెట్టి సాయంత్రం లోపలికి తేవాలి, ఒక్కసారిగా ఎండలో పెడితే ఇంట్లో పెరిగిన ఆకు తెల్లగా మాడిపోతుంది. ఆ తరవాత పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం మూడు దాటాక నీడ పడే చోటు, గాలి విసురు లేని గోడవార ఉత్తమం. ఇటుక గోడ పగలు పట్టిన వేడిని రాత్రికి వదులుతుంది, దాని వార పెట్టిన కుండీలకీ, డెక్ అంచున పెట్టిన వాటికీ ఆగస్టులోనే తేడా కనిపిస్తుంది. ఎండ దెబ్బకి మట్టి ఆరకుండా పైన గడ్డి కోతలు గాని ఎండుటాకులు గాని పరవండి. మన రైతులు పచ్చిరొట్ట పరిచేదీ ఇందుకే.

వేసవిలో ఇండియానుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండే ఇళ్ళలో అల్లానికి తిరుగులేదు. మా అత్తగారు పొద్దున్నే కాఫీ గ్లాసుతో డెక్ మీదకి వెళ్ళి, ప్రతి కుండీలోనూ వేలు గుచ్చి చూసి, “దీనికి ఇవాళ వద్దు, దానికి పోయి” అని తీర్పు చెప్పేవారు. తేమని కొలిచే మీటర్లు కొని చూశాను గాని, ఆ వేలికి సాటి రాలేదు.

వాంకూవర్‌లో మంచు లేని కాలం మాకంటే చాలా ఎక్కువ, అయినా రాత్రులు వేసవిలోనూ చల్లగా ఉండడంవల్ల అల్లం నెమ్మదిగా కదులుతుంది. కేల్గరీ, ఎడ్మంటన్ వాళ్ళు వడగళ్ళకి కూడా జడవాలి. ఆ మూడు ఊళ్ళవాళ్ళకీ చిన్న ప్లాస్టిక్ గ్రీన్‌హౌస్ గాని, అద్దాల సన్‌రూమ్ గాని ఉంటే మేలు. అమెరికాలో మసాచుసెట్స్ రైతులు కొందరు హవాయి నుంచి విత్తనపు అల్లం తెప్పించి ప్లాస్టిక్ గుడారాల్లో పెంచి, లేత అల్లంగానే అమ్ముతున్నారు. అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు బాల్కనీ పడమటి వైపుదైనా నిరాశపడక్కర్లేదు, మధ్యాహ్నం ఎండకి పల్చటి గుడ్డ అడ్డం కడితే చాలు.

సెప్టెంబరు, అసలు పరీక్ష

రాత్రి వేడి 12కి దిగుతుందని వార్తల్లో చెప్పిన రోజే కుండీలు లోపలికి తేవాలి. మా ప్రాంతంలో అది సుమారు సెప్టెంబరు మధ్య. పగలు ఇంకా 22 ఉందిగదా, ఆకులు పచ్చగానే ఉన్నాయిగదా అని ఆశపెట్టుకునేది ఇక్కడే. ఈ సంగతి తేల్చుకోవడానికే ఒక ఏడు ఆరు కుండీల్లో మూడింటిని సెప్టెంబరు 14న లోపల పెట్టి, మూడింటిని అక్టోబరు 5 దాకా బయటే ఉంచాను. నవంబరు మూడో వారంలో అన్నీ ఒకేరోజు తవ్వి తూచాం. లోపలికి ముందు తెచ్చిన మూడింటిలో కలిపి కిలోన్నర దాకా వచ్చింది, మిగతా మూడింటిలో తొమ్మిది వందల గ్రాములు. నాటిన ముక్కల బరువు రెండువైపులా ఒకటే. ఒక్క ఇంటి లెక్క శాస్త్రం కాదనుకోండి, కానీ ఆ తరవాత మా ఇంట్లో ఈ విషయమ్మీద చర్చ జరగలేదు.

లోపలికి తెచ్చేముందు కుండీని, ఆకుల అడుగుని బాగా కడగండి. కిటికీ వెలుతురు చాలు. ఈసారి గ్రో లైటు పొడిగించవద్దు, పగలు పొట్టిబడుతోందన్న కబురు దానికి అందాలి. నీళ్ళు క్రమంగా తగ్గించండి. ఆకులు పసుపుబారి వాలడం మొదలైతే కొమ్ము ఊరడం పూర్తవుతున్నట్టే.

ఈ మధ్యలో లేత అల్లం కావాలంటే ఆగస్టు చివరినుంచే కుండీ అంచున మట్టి తొలిచి ఒక కొస విరిచి తీసుకోవచ్చు. సిక్కిం, నేపాల్ రైతులు మొక్క నిలదొక్కుకున్నాక నాటిన పాత కొమ్ముని జాగ్రత్తగా బయటికి లాగి అమ్ముకుంటారు, మొక్క మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మనమూ అలా చేయవచ్చుగాని, గాయమైనచోట కుళ్ళు చేరకుండా రెండు మూడు రోజులు నీళ్ళు ఆపాలి.

దుంపకుళ్ళు గురించి భయపెట్టాలని కాదుగాని, ఒక కుండీలో ఆకులు అకాలంగా పసుపుబారి, పిలక లాగితే సులువుగా ఊడివచ్చి, మొదలు దుర్వాసన కొడితే ఇక ఆ కుండీకి మందు లేదు. మొక్కనీ మట్టినీ చెత్తలో పారేసి, కుండీని బ్లీచ్ నీళ్ళతో కడగండి. ఆ మట్టి కంపోస్టులో వేయకూడదు. మిగతా కుండీల కింద ఆ నీళ్ళు చేరకుండా చూసుకోండి.

వైల్డ్ జింజర్ తినకండి

నర్సరీల్లో వైల్డ్ జింజర్ అనే పేరుతో చిన్న కుండీలు అమ్ముతుంటారు. హృదయాకారపు ఆకులు, నేలకి ఆనుకుని ముదురు గోధుమ ఎరుపు పువ్వు, నలిపితే అల్లం వాసన. చలికి చావదు, ఏటా అదే వస్తుంది. తూర్పు కెనడా అడవుల్లో సహజంగా పెరిగే మొక్క ఇది, శాస్త్రీయ నామం అసారం కెనడెన్సీ. ఇక్కడి ఆదివాసులు మందుగా వాడారు, వలస వచ్చినవాళ్ళు అల్లానికి బదులుగా వాడుకున్నారు. చలికి తట్టుకునే అల్లం దొరికిందని సంబరపడకండి. దీనికీ అల్లానికీ చుట్టరికమే లేదు. ఇందులో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది, అది మూత్రపిండాల్ని పాడుచేస్తుంది, కేన్సర్ కారకం కూడా. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన చైనా మూలికల మందులో ఈ ఆమ్లమున్న వేరే మొక్క పొరపాటున కలవడంవల్ల ఎందరో స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చెట్టునీడన అందానికి పెంచుకోండి, టీలో మాత్రం వేయకండి. నిజంగా చలికి తట్టుకునే చుట్టం కావాలంటే జపాన్‌వాళ్ళ మ్యోగా ఉంది. బ్రిటిష్ కొలంబియా తీరంలో నేలలోనే బతుకుతుంది, కానీ తినేది దాని మొగ్గలూ చిగుళ్ళూ మాత్రమే, కొమ్ము కాదు.

తవ్వాక

లేత అల్లానికి తొక్క పల్చన కాబట్టి నిలవ ఉండదు. ఫ్రిజ్‌లో రెండు వారాలు, ఫ్రీజర్‌లో నెలల తరబడి. సన్నగా తరిగి ఉప్పూ నిమ్మరసమూ పోసి ఉంచితే మర్నాటికి లేత గులాబిరంగు తిరుగుతుంది. సుషీ పక్కన ఇచ్చే గులాబిరంగు అల్లం రహస్యమూ ఇదే, లేత కొమ్ములోని రంగు పులుపుకి బయటపడుతుంది (కొన్ని కంపెనీలు రంగు కలుపుతాయి, అది వేరే సంగతి). ఆకుల్ని పారేయకండి, కుడుములు ఉడికించే నీళ్ళలో రెండు వేస్తే ఇల్లంతా ఘుమఘుమ.

శొంఠి లేని కషాయం లేదంటారుగాని, శొంఠికి మన పంట పనికిరాదు. ముదిరిన అల్లంలోనే ఎండాక అయిదో వంతు మిగులుతుంది, లేతదాంట్లో ఇంకా తక్కువ. ఘాటుకూడా ముదిరితేనే వస్తుంది. శొంఠి కొనుక్కోవడమే మంచిది.

వచ్చే ఏటి విత్తనానికి బాగా ముదిరిన, ఆకులు పూర్తిగా ఎండిన కుండీ ఒకటి తవ్వకుండా వదిలేయండి. నీళ్ళు మానేసి, బేస్‌మెంట్‌లో 13 నుంచి 16 డిగ్రీలుండే మూల, ఫర్నేస్‌కి దూరంగా పెట్టండి. బయటి గోడకి ఆనించవద్దు, జనవరిలో ఆ గోడ మనం అనుకునేదానికంటే చల్లగా ఉంటుంది. ఫిబ్రవరిలో కుండీ బోర్లించి, గట్టిగా ఉన్న కొమ్ములు ఏరి, మెత్తబడ్డవి తీసేసి, వెచ్చటి గదిలో వారం రోజులు కాగితం సంచిలో ఉంచితే కన్నులు కదులుతాయి. మా ఇంట్లో ఇప్పుడున్న కొమ్ము అలా వరసగా ఎనిమిది చలికాలాలు దాటింది.